బాల్కనీలో కాలిస్తే చంటిబిడ్డకు పొగ తగలదా?

మీ ప్రశ్న ఇది: బాబుకు 4 నెలలు, ఇప్పటికే రెండుసార్లు పిల్లికూతలతో ఆయాసం వచ్చింది, రెండోసారి నెబులైజర్ దాకా వెళ్లింది. మీవారు ఇంట్లో కాల్చరు, బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంటారు. అయినా సిగరెట్‌కూ దీనికీ సంబంధం ఉందా? పండక్కి శ్రీకాకుళం వెళ్తే అత్తగారి చుట్ట సంగతేంటి?

సంబంధం ఉంది. బాల్కనీ కొంత నయమే గానీ, అది చాలదు.

జలుబు తెచ్చేది వైరస్సే, ఈ వయసులో పిల్లికూతల దాకా తెచ్చేది ఎక్కువగా ఆర్‌ఎస్‌వి అనే వైరస్. పొగ చేసే చెడు వేరు. ఊపిరి గొట్టాల లోపల కళ్లెను పైకి నెట్టే సన్నటి నూగు ఉంటుంది. పొగ తగిలితే అది మందగిస్తుంది, పైగా లోపలి పొర వాస్తుంది. గొట్టం వెడల్పు సగానికి పూడితే గాలికి అడ్డు రెట్టింపు కాదు, సుమారు 16 రెట్లవుతుంది. బాబు గొట్టాలు అసలే సన్నవి. మీకు నాలుగు తుమ్ములతో పోయే జలుబు బాబుకు ఆయాసమయ్యేది అందుకే. పక్కవాళ్ల పొగ ఎంత తక్కువైనా ప్రమాదం లేనట్టు కాదని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదికలోనే తేల్చారు. నిద్రలో హఠాత్తుగా బిడ్డ ప్రాణం పోవడానికీ అది ఒక కారణమని అందులో ఉంది.

ఇక బాల్కనీ. పొగ తలుపు సందులోంచి, పక్క గది కిటికీలోంచి లోపలికి వస్తుంది. అంతకంటే ముఖ్యం, అది మనిషిని పట్టుకుని వస్తుంది. బాబును భుజాన వేసుకున్నప్పుడు వాడి ముక్కు ఆనేది సరిగ్గా చొక్కా కాలర్ దగ్గర. నోట్లో పెట్టుకుని చీకేది సిగరెట్ పట్టుకున్న ఆ వేళ్లనే. అందుకే మానేదాకా ఇలా చేయించండి: మెట్లు దిగి వీధిలోకి వెళ్లి కాల్చాలి. దానికంటూ ఒక పాత చొక్కా గుమ్మం బయటే ఉంచి, వచ్చాక అక్కడే విప్పేయాలి. మోచేతుల దాకా చేతులు, ముఖం సబ్బుతో కడిగి, నోరు పుక్కిలించాలి. ఓ అరగంట ఆగి ఎత్తుకోవాలి. ఇదంతా చేసినా పొగ తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు. కాల్చేవారు బిడ్డతో ఒకే పక్క మీద మాత్రం అస్సలు పడుకోకూడదు, బయట కాల్చి వచ్చినా సరే. కారులో అద్దాలు దించి కాల్చినా, బాబు లేనప్పుడు కాల్చినా సీట్లు పట్టి ఉంచుతాయి. అగరుబత్తి, రూమ్ ఫ్రెషనర్ వాసనను కప్పుతాయంతే.

సిగరెట్ ఒక్కటే కాదు, మిగతా పొగలూ చూసుకోండి. ఒక దోమల కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ఒక పరిశోధనలో తేలింది. దోమతెర కట్టండి. స్నానం చేయించాక సాంబ్రాణి వేయడం మనకు అలవాటే, కానీ పిల్లికూతలు వచ్చే బిడ్డకు వద్దు. మెత్తటి నూలు గుడ్డతో తల తుడిస్తే చాలు.

అత్తగారిది అడ్డపొగ అయితే, నిప్పు నోటి లోపల ఉండటం వల్ల బయటకు పొగ రాదనుకుంటారు. వదిలే ఊపిరిలో వస్తూనే ఉంటుంది. ఆవిడను తప్పుపట్టినట్టు మాట్లాడొద్దు. ఎన్నో ఏళ్ల అలవాటు అది. చుట్ట పెరట్లో, బిడ్డ ముందు గదిలో అని మీవారి చేతే చెప్పించండి. నోరు కడుక్కుని, చీర మార్చుకుని ఎత్తుకోమనండి. మనవడి కోసం అంటే ఒప్పుకుంటారు.

జలుబు మొదలైతే ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోండి. బాబు ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో నిండా 60 సెకన్లు పెట్టుకోండి. 15 సెకన్లు లెక్కేసి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది, చంటిపిల్లల ఊపిరి ఒకే తీరున ఉండదు. 2 నెలల నుంచి ఏడాది లోపు నిమిషానికి 50 లేదా పైన ఉంటే అది ఎక్కువ. మళ్లీ ఒకసారి లెక్కపెట్టి, అంతే ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. డొక్కలెగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు సగం కూడా తాగకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా 108కి ఫోన్ చేయండి.

ముక్కు బిగిస్తే పాలకు ముందు ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కల సెలైన్ వేయండి. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి. ముక్కులో నూనె వేయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే నెమ్ము చేస్తుంది. దుకాణంలో అడిగి తెచ్చిన దగ్గు సిరప్ వద్దు.

మీవారు మానాలనుకుంటే 1800-11-2356 ఉచిత నంబర్, సిగరెట్ పెట్టె మీదే ఉంటుంది. నికోటిన్ గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే ఎక్కిళ్లు, వికారం వచ్చి రెండో రోజే పారేస్తారు. నెమ్మదిగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గలో ఆపి, అది తగ్గాక మళ్లీ నమలాలి. ఆ గమ్ పెట్టె బాబుకు అందకుండా పైఅరలో పెట్టండి.