ఎండకు పూత రాలని టమాటా కావాలంటే

హైబ్రిడ్ టమాటా నుంచి తీసిన విత్తనం వేస్తే మొక్కలు తలా ఒకలా వచ్చాయని, ఎండకు పూత రాలిపోతోందని రాశారు. టెన్షన్ పడకండి, ఆ తేడాల్లోంచే మీ రకం పుడుతుంది. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 దాటితే పుప్పొడి దెబ్బతిని పూత నిలవదు. సరిగ్గా ఆ రోజుల్లోనే తోటంతా తిరగండి. పక్క మొక్కల కింద పూలు రాలి ఉన్నా, గుత్తికి మూడు నాలుగు పిందెలు నిలుపుకున్న మొక్క కనిపిస్తే దానికి దారం కట్టండి. ఒక్క పెద్ద కాయను చూసి ఎంచుకోవద్దు, మొక్క మొత్తాన్ని చూడాలి. ఈ ఎంపిక మీ సేంద్రియ మడిలోనే జరగాలి, యూరియా వేసిన చోట కాదు. ఒక్కో మొక్క విత్తనాన్ని విడిగా దాచి, వచ్చే ఏడు విడి వరుసల్లో నాటండి. టమాటా చాలావరకు తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి, ఏటా ఇలాగే చేస్తే ఆరేడు తరాలకు రకం నిలకడగా వస్తుంది. సొర, దోస మాత్రం వేరు, తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి.