డాన్యూబ్ ఒడ్డున బుడాపెస్ట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వచ్చే మే నెలలో జర్మనీలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కడి నుంచి హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్లి మూడు రోజులు ఉండాలని ఆలోచన. మా వారికి మోకాళ్ల నొప్పులు. బుడా వైపు దిగాలా, పెస్ట్ వైపు దిగాలా? చూడటం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పెస్ట్ వైపే దిగండమ్మా. డాన్యూబ్ నదికి పడమట ఉన్న బుడా అంతా కొండలు, మెట్లు, రాళ్లు పరిచిన ఎగుడు వీధులు. తూర్పున ఉన్న పెస్ట్ చదును నేల. పగలంతా తిరిగి సాయంత్రం గదికి చేరేటప్పుడు ఈ తేడా ఏమిటో మీ వారి మోకాళ్లే చెబుతాయి. హోటళ్లు, మెట్రో స్టేషన్లు కూడా పెస్ట్‌లోనే ఎక్కువ.

వచ్చినవారిలో చాలామంది మొదటిరోజు పొద్దున్నే బుడా కోట కొండ ఎక్కేస్తారు. నన్నడిగితే ముందు నది దగ్గరికి, అందులోనూ చెయిన్ బ్రిడ్జి దగ్గరికి వెళ్లమంటాను. ఈ ఊరిలో చూడదగ్గవాటిలో ముఖ్యమైనవన్నీ నదికి అటో ఇటో నిలబడి ఎదుటి ఒడ్డును చూస్తున్నవే కాబట్టి, వంతెన మధ్యలో నిలబడి ఒకసారి రెండు వైపులా కలయజూస్తే ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా దిక్కు తెలుస్తుంది. బుడా, పెస్ట్, ఓబుడా అనే మూడు పట్టణాలు 1873లో ఒకే నగరం కావడానికి దారి వేసింది కూడా 1849లో తెరిచిన ఈ వంతెనే. అంతకు ముందు ఇక్కడ పడవలను వరుసగా కట్టి వేసిన తేలే వంతెన ఉండేది. చలికాలంలో మంచుగడ్డలు కొట్టుకువస్తాయని దాన్ని విప్పేసేవారు. ఇక ఈ ఒడ్డువారు ఆ ఒడ్డు చేరాలంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. కౌంట్ ఇష్త్వాన్ సెచేన్యీ పట్టుబట్టి శాశ్వతమైన వంతెన కట్టించాడు. నమూనా గీసింది ఇంగ్లండుకు చెందిన విలియం టియర్నీ క్లార్క్, దగ్గరుండి కట్టించింది స్కాట్లండ్ ఇంజనీరు ఆడమ్ క్లార్క్. ఇంటిపేరు ఒకటే గాని ఇద్దరికీ చుట్టరికం లేదు. అప్పటిదాకా పన్ను అన్నమాట ఎరుగని హంగేరీ ప్రభువులు సైతం ఈ వంతెన దాటాలంటే సామాన్యులతో పాటు సుంకం కట్టవలసి వచ్చింది. నా దృష్టిలో ఇనుప గొలుసుల కంటే ఆ సుంకమే పెద్ద విశేషం. 1945 జనవరిలో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యం దీన్ని పేల్చివేసింది. మళ్లీ కట్టి, సరిగ్గా నూరేళ్లు నిండే నాటికి, 1949 నవంబరులో తెరిచారు.

వంతెన రెండు చివరలా ఉన్న రాతి సింహాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. శిల్పి వాటికి నాలుకలు చెక్కడం మరిచాడని, ఎవరో కుర్రవాడు అది ఎత్తిచూపితే సిగ్గుపడి నదిలో దూకాడని ఊళ్లో కథ చెబుతారు. నాలుకలు ఉన్నాయి, కింద నిలబడ్డవారికి కనిపించవు, అంతే. శిల్పి కూడా ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు.

వంతెన దాటి బుడా వైపు దిగగానే కొండ పైకి వెళ్లే ఫ్యునిక్యులర్ కనిపిస్తుంది. వాలు పట్టాల మీద తాళ్లతో లాగే ఈ బండి 1870 నాటిది. యుద్ధంలో దెబ్బతింటే 1986లో తిరిగి నడిపించారు. ముచ్చటగా ఉంటుంది గాని టికెట్టు వేరే కొనాలి, వరుస కూడా పొడుగు. అక్కడే ఆగే 16వ నంబరు బస్సు మామూలు సిటీ టికెట్టుతోనే కొండ మీద దింపుతుంది. మీ వారికి అదే సుఖం. పైన ఉన్న రాజభవనం యుద్ధం తర్వాత చాలావరకు కొత్తగా కట్టినదే. లోపల జాతీయ చిత్రకళాశాల, నగర చరిత్ర మ్యూజియం ఉన్నాయి తప్ప రాజుల వైభవం కోసం వెదక్కండి. మీ ఓపికను మథియాస్ చర్చి కోసం దాచుకోండి. 1541 నుంచి 1686 వరకు బుడా తుర్కుల ఏలుబడిలో ఉన్నప్పుడు ఇది మసీదుగా ఉండేది. 1867లో ఫ్రాన్జ్ జోసెఫ్‌కు హంగేరీ రాజుగా పట్టం కట్టిందీ ఇక్కడే. జోల్నాయ్ కర్మాగారపు రంగురంగుల పెంకులు పరిచిన దీని కప్పు ఎండ పడినప్పుడు మరీ బాగుంటుంది. పక్కనే ఉన్న ఫిషర్‌మెన్స్ బాస్టియన్ చూడటానికి మధ్యయుగపు కోటలా ఉన్నా 1895, 1902 మధ్య కట్టినది. దాని ఏడు బురుజులు ఈ నేలకు వచ్చిన ఏడు మాగ్యార్ (హంగేరీ జాతి) తెగలకు గుర్తు. పై అంతస్తుకు టికెట్టు అడుగుతారు. కింది వరండాలో నిలబడినా నది, పార్లమెంటు చక్కగా కనిపిస్తాయి కనుక ఆ ఖర్చు అవసరం లేదు.

ప్రశ్న: బుడాపెస్ట్ పార్లమెంటు భవనాన్ని బయటి నుంచి చూస్తే చాలదా? టికెట్టు కొని లోపలికి వెళ్లడం దండగ అని మా మిత్రుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ మిత్రుడి మాట ఈసారికి వినకండి. 1885లో మొదలుపెట్టి 1904లో పూర్తిచేసిన ఈ భవనం పొడవు 268 మీటర్లు, గోపురం ఎత్తు 96 మీటర్లు. మాగ్యార్లు ఈ ప్రాంతానికి వచ్చినట్టు చెప్పుకునే 896వ సంవత్సరానికి గుర్తుగా ఆ ఎత్తు పెట్టారు. నగరంలోని పెద్ద చర్చి సెయింట్ స్టీఫెన్ బసిలికా గోపురం కూడా అంతే ఎత్తు. నమూనా గీసిన ఇమ్రే స్టైండ్ల్ పని పూర్తికాక ముందే 1902లో కన్నుమూశాడు.

లోపల గోపురం కింద హంగేరీ పవిత్ర కిరీటం ఉంది. దాని మీది శిలువ ఒక పక్కకు వంగి ఉంటుంది. అలాగే వదిలేశారు, దేశ చిహ్నంలో కూడా వంకరగానే చిత్రిస్తారు. రెండో ప్రపంచయుద్ధం చివర అమెరికా చేతికి చిక్కిన ఈ కిరీటం ఆ దేశపు బంగారం దాచే ఫోర్ట్ నాక్స్‌లో ఉండి 1978లో తిరిగి వచ్చింది. అక్కడ కాపలా సైనికులు ఉంటారు, ఫోటోలు తీయనివ్వరు. పూర్వపు ఎగువసభ మందిరం బయట, కిటికీల దగ్గర, నంబర్లు వేసిన ఇత్తడి పలకలను తప్పక చూడండి. సభ్యులు లోపలికి వెళ్తూ వెలిగించిన చుట్టను తమ నంబరు గాడిలో ఆనించి పోయేవారట. ప్రసంగం రక్తికట్టి, వినేవాడు బయటికి రావడం మరిచిపోతే, ఖరీదైన చుట్ట కాస్తా బూడిదయ్యేది. వక్తకు అంతకు మించిన మెప్పు ఏముంటుంది?

గైడుతో కలిసే లోపలికి వదులుతారు. ఇంగ్లీషు బృందాలకు గిరాకీ ఎక్కువ కనుక ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. బయటి అందం చూడటానికి మాత్రం భవనం దగ్గర నిలబడితే లాభం లేదు. పక్కనే ఉన్న కోషుత్ లాయోష్ స్టేషనులో ఎం2 మెట్రో ఎక్కి, నది అడుగు నుంచి ఒక్క స్టేషను దాటి, బట్యానీ దగ్గర దిగండి. దీపాలు వెలిగే వేళకు అక్కడి ఒడ్డున ఉంటే భవనమంతా నీళ్లతో సహా ఎదురుగా ఉంటుంది.

ప్రశ్న: నది గట్టు మీద ఇనుప చెప్పులు, బూట్లు వరుసగా పెట్టి ఉన్న ఫోటో చూశాను. అవి ఏమిటి?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: పార్లమెంటుకు, చెయిన్ బ్రిడ్జికి నడుమ పెస్ట్ గట్టు మీద ఉన్న స్మారకం అది. 1944 అక్టోబరులో హంగేరీలో అధికారం చేజిక్కించుకున్న ఆరో క్రాస్ అనే ఫాసిస్టు పార్టీ మూకలు యూదులను ఈ గట్టుకు తెచ్చి, పాదరక్షలు విప్పించి, నీటి అంచున నిలబెట్టి కాల్చేవారు. శవాలు నదిలో పడిపోయేవి. యుద్ధకాలంలో తోలు బూట్లకు విలువ ఉండేది కాబట్టి వాటిని మాత్రం దక్కించుకునేవారు. సినీ దర్శకుడు జాన్ తొగాయ్, శిల్పి గ్యులా పావెర్ కలిసి 2005లో 60 జతలు ఇనుముతో చేయించి గట్టు రాయికి బిగించారు. అన్నీ ఆ కాలపు మోస్తరువే: మడమలు అరిగిన పనివాడి బూట్లు, ఎత్తు మడమల ఆడవారి చెప్పులు, వాటి పక్కన ఒక పసివాడివి. జనం వాటిలో పూలు, గులకరాళ్లు ఉంచి పోతారు. కొందరు సందర్శకులు ఫోటో కోసం వాటిలో కాళ్లు పెట్టి నిలబడుతున్నారు; మీరు ఆ పని చేయరని నమ్ముతాను.

ఇది చూసిన తర్వాత డోహాన్యీ వీధిలోని సినగాగ్‌కు, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి కూడా వెళ్లండి. 1859లో పూర్తయిన ఇది ఐరోపాలో అతి పెద్దది. పెరటిలో శిల్పి ఇమ్రే వర్గా లోహంతో చేసిన విల్లో చెట్టు ఉంది. దాని ఆకుల మీద చనిపోయినవారి పేర్లు చెక్కారు. శనివారం సందర్శకులను రానివ్వరు.

ప్రశ్న: అక్కడి వేడినీటి స్నానశాలల గురించి విన్నాం. అలవాటు లేనివారు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: నిస్సంకోచంగా వెళ్లండి. మొదటిసారైతే సిటీ పార్కులోని సెచేన్యీ మంచిది. 1913లో తెరిచిన ఈ పసుపుపచ్చ మేడకు నీరు లోతైన బోరుబావుల నుంచి వస్తుంది. 1878లో పూర్తిచేసిన మొదటి బావి లోతు 970 మీటర్లు, అందులోంచి వచ్చే నీటి వేడి 74 డిగ్రీలు. కొలనుల్లోకి చల్లార్చే వదులుతారు. ఆరుబయట కొలనులో మెడలోతు నీళ్లలో నిలబడి పెద్దమనుషులు చదరంగం ఆడుతూ ఉంటారు. ఈత దుస్తులు, తువ్వాలు, రబ్బరు చెప్పులు వెంట తీసుకెళ్తే అద్దె ఖర్చు తప్పుతుంది. ఈత కొలనులో తలకు టోపీ ఉండాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగే దిగాలి. పాతదనం మీద మక్కువ ఉంటే గెల్లెర్ట్ కొండ కింద ఉన్న రూదాష్‌కు వెళ్లండి. 16వ శతాబ్దంలో తుర్కులు కట్టిన గుమ్మటం, దాని కింద ఎనిమిది పలకల కొలను, పైన చిన్న రంధ్రాల్లోంచి నీళ్ల మీద పడే వెలుగు అక్కడ చూడవలసినవి. ఆ కొలనులో ఆడవారికి, మగవారికి వేర్వేరు రోజులు కేటాయించే ఆనవాయితీ ఉంది కనుక ముందే కనుక్కుని బయలుదేరండి.

ప్రశ్న: ఆ నగరంతో మన దేశానికి ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లోనే పుట్టారు, తల్లి హంగేరీకి చెందిన గాయని. మేనమామ ఎర్విన్ బక్తాయ్ భారతీయ విద్యల్లో పండితుడు. ఆయన పనిచేసిన హోప్ ఫెరెంట్స్ ఆసియా కళల మ్యూజియం ఆంద్రాషీ రాజవీధిలో ఉంది. ఆ వీధి కింద నడిచేది 1896లో ప్రారంభమైన ఎం1 మెట్రో, ఐరోపా ప్రధాన భూభాగంలో మొదటి భూగర్భ రైలు. దాన్ని ఒక్కసారైనా ఎక్కండి.

ప్రశ్న: యూరోలు పట్టుకెళ్తే సరిపోతుందా? సిటీలో తిరగడానికి ఏ పాసు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: హంగేరీ 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినా యూరోను తీసుకోలేదు, అక్కడ చెల్లేది ఫోరింట్. కొన్ని దుకాణాలు యూరోలు పుచ్చుకుంటాయి గాని మారకం రేటు మీకు నష్టం. కార్డు యంత్రం ఏ కరెన్సీలో తీసుకోమంటారని అడిగితే ఫోరింటే ఎంచుకోండి. మూడు రోజులు ఉండేవారికి 72 గంటల పాసు మేలు. విడి టికెట్లు కొంటే యంత్రంలో పెట్టి ముద్ర వేయించడం మరవకండి. ముద్ర లేని టికెట్టు చేతిలో ఉన్నా తనిఖీ సిబ్బంది జరిమానా వేస్తారు. పాసు ఉంటే పెస్ట్ గట్టు వెంబడి నడిచే 2వ నంబరు ట్రాములో పార్లమెంటు నుంచి పెద్ద మార్కెట్టు దాకా కూర్చునే చూసి రావచ్చు. ఆ మార్కెట్టుకు ఆదివారం సెలవు.