రెండో పేజీకే లేచిపోతోందంటే తప్పు పాపది కాదండీ

మూడేళ్ల పాప బొమ్మల పుస్తకం తెరిస్తే రెండో పేజీకే పారిపోతోందన్నారు. మీరు పెట్టిన ఫోటో చూశాను. పేజీకి పది లైన్లున్నాయి, బొమ్మేమో ఆ లైన్లనే మళ్లీ చెబుతోంది. ఇక పాప వెతకడానికి అందులో ఏముంది?

కొనేముందు మధ్యలో ఒక పేజీ తెరిచి, అక్షరాలు చేత్తో మూసి బొమ్మ మాత్రమే చూడండి. అక్షరాలు చెప్పని సంగతి ఒక్కటైనా కనబడాలి. 1968లో వచ్చిన 'రోజీస్ వాక్' అనే బొమ్మల పుస్తకంలో ఉన్నవి 32 ఇంగ్లిషు మాటలే. కోడిపెట్ట షికారుకెళ్లిందని చెబుతాయంతే. వెనకే పొంచి వస్తున్న నక్క ఊసే ఉండదు. దాన్ని కనిపెట్టేది పిల్లలే, "వెనక్కి చూడు!" అని అరిచేదీ వాళ్లే.

తర్వాత పేజీ తిప్పే చోటు చూడండి. కుడి పేజీ చివర "తలుపు తీస్తే..." అని ఆగాలి, జవాబు తిప్పాకే కనబడాలి. రెండూ ఎదురెదురుగా ఉంటే పిల్లల కన్ను ముందే జవాబు మీద పడుతుంది, సరదా పోతుంది.

ఈ వయసుకి పేజీకి రెండు మూడు వాక్యాలు చాలు. మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటుంటే మరీ మంచిది, రెండోసారికే పాప అందుకుంటుంది. చివర్లో నీతి అచ్చేసినవి నేనైతే పక్కన పెట్టేస్తాను.

మడత తెరిస్తే కింద దాగిన బొమ్మ కనబడే పుస్తకాలైతే, మడతల అట్ట మందంగా ఉన్నవే తీసుకోండి, పల్చటివి మడత దగ్గరే చిరుగుతాయి. ఉన్న పుస్తకాలు పారేయకండి. లైన్లు వదిలేసి, "ఈ పిల్లి ఎటు పోతోంది?" అని అడిగి చూడండి.