తేలడమే కొంప ముంచింది

ఈ పక్షం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఉత్తరాలు స్ప్రే సీసాల గురించే. ప్లాస్టిక్ అచ్చుల డిజైన్‌లో ఇరవై ఆరేళ్లు గడిపిన దాన్ని, వాటిలో పదేళ్లు స్ప్రే పంపులతోనే తల బద్దలు కొట్టుకున్నదాన్ని. అందుకే మిగతా ఉత్తరాలు వచ్చే సంచికకు వాయిదా వేశాను. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మేడమ్, నేను కొన్న క్లీనింగ్ స్ప్రే మీద ‘పూర్తిగా ప్లాస్టిక్, లోహం లేదు’ అని రాసి ఉంది. అంటే రీసైకిల్ అవుతుందనేగా?
– ఒక పాఠకురాలు

జవాబు: కావచ్చు, కాకపోనూవచ్చు. లోహం తీసేయడం మంచి పనే, అందులో సందేహం లేదు. మామూలు ట్రిగ్గర్ స్ప్రే తలను ఎప్పుడైనా విప్పి చూశారా? బయటి ఒళ్లూ ట్రిగ్గరూ పాలీప్రొపిలీన్, అంటే పీపీ. లోపలి పిస్టన్ పాలిథీన్. వాటి మధ్య చిన్న స్టెయిన్‌లెస్ స్టీలు స్ప్రింగు, ఒకటో రెండో గాజు గోళీలో స్టీలు గోళీలో ఉంటాయి. స్ప్రింగు బరువు చూస్తే ఏమంత ఉండదు. రీసైక్లింగ్ షెడ్డులో అది చేసే చేటు మాత్రం చాలా ఎక్కువ. గ్రైండర్ బ్లేడ్లు దెబ్బతింటాయి, కరిగిన ప్లాస్టిక్‌ను వడకట్టే జాలీలు పూడుకుపోతాయి. మామూలు ఇనుమైతే అయస్కాంతం లాగేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దానికి సరిగా చిక్కదు.

అయితే ‘ప్లాస్టిక్’ అనేది ఒక్క పదార్థం పేరు కాదు. ముక్కలు చేసిన సరుకును నీళ్ల తొట్టిలో వేసి వేరు చేస్తారు. నీటి సాంద్రత 1 అనుకుంటే పీపీది సుమారు 0.9, పాలిథీన్‌ది 0.92 నుంచి 0.96 వరకు. రెండూ నీటి మీద తేలుతాయి. పెట్, అంటే మంచినీళ్ల సీసాల ప్లాస్టిక్, దాని ముక్కలు 1.38 గనక మునుగుతాయి. పైది పైకి, కిందిది కిందికి. ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు డిజైనర్ స్టీలు తీసేసి, ఆ చోట గట్టిగా ఉంటుంది కదా అని ఎసిటాల్ అనే మరో రకం ప్లాస్టిక్‌తో స్ప్రింగు పెట్టాడనుకోండి. లేబుల్ మీద ‘పూర్తిగా ప్లాస్టిక్’ అన్నది నిజమే. కానీ ఎసిటాల్ సాంద్రత 1.41. అది పెట్‌తో పాటు మునిగి, పెట్‌తో పాటే కరిగించే మెషిన్‌లోకి వెళ్తుంది. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి ఎసిటాల్ విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతుంది. ఒకసారి మెషిన్ బ్యారెల్‌లో ఎసిటాల్ మిగిలి ఉందని తెలియక మావాళ్లు వేడి పెంచేశారు. కళ్ల మంటకు షెడ్డంతా ఖాళీ చేయాల్సి వచ్చింది.

సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకెను చూసి కూడా మోసపోకండి. ఆ అంకెల పద్ధతిని 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం తెచ్చింది. 1 అంటే పెట్, 2 అంటే గట్టి పాలిథీన్, 5 అంటే పీపీ. అది ఏ పదార్థమో చెబుతుంది, రీసైకిల్ అవుతుందని హామీ ఇవ్వదు. పైగా సీసా మీది అంకె సీసాకే. తల సంగతి దానికి తెలియదు.

ప్రశ్న: పారేసేటప్పుడు స్ప్రే తల విప్పాలా, బిగించే వేయాలా?
– మరో పాఠకుడు

జవాబు: స్ప్రింగున్న పాత రకమైతే విప్పేయండి, సీసా అయినా శుభ్రంగా దక్కుతుంది. లోహం లేనిదైతే అడుగు దాకా ఖాళీ చేసి, తల బిగించే వేయండి. విడిగా వేస్తే చిన్న వస్తువు గనక జల్లెడలో జారి చెత్తలో కలుస్తుంది. మీ దగ్గర సేకరించేవాళ్లు ఇంకోలా చెబితే వాళ్ల మాటే వినండి, వాళ్ల మెషిన్లు వాళ్లకు తెలుసు.

ప్రశ్న: మేడమ్, నేను ప్రొడక్ట్ డిజైన్ విద్యార్థిని. లోహం లేని ట్రిగ్గర్ స్ప్రే నా ప్రాజెక్టు. స్టీలు స్ప్రింగు కొలతలతోనే ప్లాస్టిక్ స్ప్రింగు, గాజు గోళీ చోట పీపీ గోళీ పెట్టి 3డీ ప్రింట్ చేశాను. మొదటి రోజు ట్రిగ్గర్ చక్కగా కదిలింది. కానీ ఎంత నొక్కినా గాలే ఎక్కువ వస్తోంది. రెండు వారాలకు ట్రిగ్గర్ వెనక్కి రావడం కూడా మానేసింది. తప్పు ఎక్కడ జరిగింది?
– ఒక విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, నీవి రెండు జబ్బులు, రెంటికీ మందు వేరు.

ముందు గోళీ. ట్రిగ్గర్ వదిలినప్పుడు పిస్టన్ వెనక్కి జరుగుతుంది, కింది గోళీ లేచి ద్రవానికి దారి ఇస్తుంది. నొక్కినప్పుడు గోళీ తన బరువుతో దిగి దారి మూసేస్తుంది, ద్రవం నాజిల్ వైపు పోక తప్పదు. గాజు నీటికి రెండున్నర రెట్లు బరువు గనక బుద్ధిగా కూర్చుంటుంది. నీ పీపీ గోళీ కూర్చోదు, తేలుతుంది. నొక్కినప్పుడల్లా ద్రవం గొట్టంలోంచి సీసాలోకే తిరిగి పోతోంది. నువ్వు పక్కన పెట్టినప్పుడు గొట్టంలో నిలవాల్సిన ద్రవం కూడా కిందికి జారి, ఆ చోట గాలి చేరుతోంది. రీసైక్లింగ్ తొట్టిలో మనల్ని గట్టెక్కించే ఆ 0.9 సాంద్రతే పంపులో కొంప ముంచింది. బరువు మీద ఆధారపడే కవాటాన్ని తేలే పదార్థంతో చేయలేం. గోళీ ఆలోచన వదిలేసి, పల్చటి పాలిథీన్ రెక్క పెట్టు. ఒక అంచు అతుక్కుని, ద్రవం లాగినప్పుడు లేచి, తన సాగుడుతోనే వెనక్కి పడాలి. వీలైతే ఆ రెక్కను పిస్టన్ సీలుతో ఒకే ముక్కగా పోయించు, ఒక భాగం తగ్గుతుంది.

ఇక స్ప్రింగు. ఇక్కడ నేనూ బోల్తా పడ్డాను గనక కాస్త ఎక్కువ రాస్తాను. పీపీ కంటే స్టీలు బిరుసు వంద రెట్లకు పైనే. స్టీలు చుట్టల బొమ్మనే ఉంచి పదార్థం మారిస్తే అది స్ప్రింగు కాదు, స్ప్రింగు బొమ్మ అంతే. పైగా చుట్ట ఆకారం అచ్చులోంచి సులువుగా ఊడి రాదు. అందుకే ఇటూ అటూ రెండు వంపు పట్టీలు, విల్లు బద్దల్లా, పీపీతోనే పోస్తాం. పీపీ లక్షల సార్లు మడిచినా విరగదని మూతల కీళ్లు చూస్తే తెలుస్తుంది. కానీ వంచి అలాగే ఉంచావా, మెల్లగా ఆ వంపుకే అలవాటు పడిపోతుంది. మా వాడుకలో దీన్ని క్రీప్ అనేస్తాం.

నేను చేసిన మొదటి నమూనాలో, స్టీలు స్ప్రింగులను ఎప్పుడూ కాస్త నొక్కి బిగిస్తారు గదా అని పట్టీలను కూడా మూడు మిల్లీమీటర్లు వంచి బిగించాను. బల్ల మీద వేల నొక్కులు తట్టుకుంది. పార్టీ ఇచ్చుకున్నాం కూడా. పెట్టెలు ఒక వేడి గోదాములో రెండు నెలలు ఉండి తిరిగొచ్చాయి. తెరిచి చూస్తే ట్రిగ్గర్లన్నీ తల వేలాడేసుకుని ఉన్నాయి. ఒక్కసారి కూడా వాడకుండానే అలిసిపోయాయి. మా కస్టమర్ ఫోన్‌లో ఏమన్నాడో ఇక్కడ అచ్చు వేయరు.

మళ్లీ గీసినప్పుడు పట్టుకున్న నియమం ఒక్కటే. వేలు పెట్టనంతసేపు పట్టీ మీద భారం ఉండకూడదు. పట్టీని పొడవు చేసి, వంపు ఒక్క మూలన పడకుండా అంతటా పంచాను. లాక్ కూడా చూసుకో. ట్రిగ్గర్‌ను నొక్కి పట్టే లాక్ అయితే నువ్వే స్ప్రింగును పాడు చేసి అమ్ముతున్నట్టు. నాజిల్ తిప్పితే దారి మూసుకునే లాక్ పెట్టు. కిందికి నొక్కి తాళం వేసే లోషన్ పంపులకూ ఇదే జబ్బు, వాటికి పైన ఉన్నప్పుడే తాళం పడేలా చేయాలి.

ఏ పదార్థంతో ప్రింట్ చేశావో రాయలేదు. పీపీ కాకపోతే ఆ రెండు వారాల పరీక్ష పీపీ గురించి ఏమీ చెప్పదు. పీపీ పలక కోసి పట్టీలు చెయ్యి. మూడింటిని వదులుగా, మూడింటిని దారంతో వంచి కట్టి 40 డిగ్రీల వేడిలో నెల ఉంచు, తర్వాత ఎంత వెనక్కి వస్తాయో కొలువు. పంపును నీళ్లతో కాదు, నువ్వు నింపబోయే ద్రవంతోనే పరీక్షించు. సబ్బు నీళ్లు తగిలితే వంగి ఉన్న పాలిథీన్ భాగాలు పగుళ్లు తీస్తాయి, నీ రెక్క పాలిథీనే గదా. బ్లీచ్ అయితే మాత్రం నీదే పైచేయి. స్టీలు స్ప్రింగును తినేసేది అదే, పట్టీకి తుప్పన్నదే లేదు.

రెక్క పెట్టాక ఎండు పంపును ఎన్నిసార్లు నొక్కితే మొదటి చుక్క వచ్చిందో లెక్కపెట్టి, ఆ సంఖ్యతో మళ్లీ రాయి. పది దాటితే రెక్క అంచు సరిగా కూర్చోవడం లేదేమోనని ముందు అక్కడ చూడు.