పాత సీసపు సిపాయిలకు రంగులు వేయించకండి, ముందు ఆ చెక్క బీరువాలోంచి తీయండి

ప్రశ్న: చెన్నైలో మా తాతగారి సామాన్లలో ఒక ఎర్ర అట్టపెట్టె దొరికింది. అందులో ఇంగ్లండులో తయారైన పదకొండు సీసపు సిపాయి బొమ్మలున్నాయి. రంగు అక్కడక్కడా లేచిపోయింది. ప్రస్తుతం హాల్లో ప్లైవుడ్ షోకేసులో పెట్టాం. మంచి ఆర్టిస్టు చేత అచ్చం నిజం సిపాయిల్లా రంగులు వేయించి అమ్మితే ధర పెరుగుతుందా? కలెక్టర్లు అసలు ఏం చూస్తారు?

జవాబు: పెరగదండీ, పడిపోతుంది. మీరు అడిగింది రంగు గురించే గానీ, ఈ ప్రశ్నలో నన్ను భయపెట్టిన మాట ప్లైవుడ్ షోకేసు. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. సిపాయి బొమ్మల్ని సేకరించేవాళ్లలో రెండు జాతులున్నాయి. ఒకరికి విలువైనది ఇంకొకరికి పనికిరాదు. మొదటివాళ్లు పాత ఆటబొమ్మల వాళ్లు. లండన్‌లో బ్రిటన్స్ కంపెనీ 1893లో బోలు పోత పద్ధతి పట్టుకుంది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోస్తారు, అచ్చు గోడకు తగిలిన పొర గట్టిపడగానే మిగిలిన లోహాన్ని బయటికి ఒంపేస్తారు. లోహం తక్కువ పడుతుంది, బొమ్మ తేలిగ్గా ఉంటుంది, లోపల బోలు లేకుండా నిండుగా సీసం పోసే జర్మన్ బొమ్మలకంటే చవగ్గా అమ్మొచ్చు. వీటి ఎత్తు 54 మిల్లీమీటర్లుగా స్థిరపడింది. 1966లో ఆ కంపెనీ సీసపు బొమ్మలు ఆపేసింది. ఈ బొమ్మల ముఖాల్లో నిజం వెతక్కూడదు. రెండు నల్ల చుక్కల కళ్లు, గులాబి బుగ్గలు, నిగనిగలాడే ఎనామిల్ రంగు, అంతే. దాన్ని కార్ఖానాలో వేసిన చెయ్యి మళ్లీ దొరకదు కాబట్టే దానికి విలువ. సగం లేచిపోయినా సరే అసలు రంగు అసలు రంగే.

రెండో జాతి మోడల్ వాళ్లు. 54, 75, 90 మిల్లీమీటర్ల తెల్లలోహం, రెసిన్ బొమ్మలు రంగు లేకుండా ముక్కలుగా వస్తాయి, అతికించి రంగులు వేసుకోవాలి. ఇక్కడ విలువంతా శిల్పిదీ, రంగులు వేసినవాడిదీ. మీరు మొదటి జాతి వస్తువును రెండో జాతి కంటితో చూస్తున్నారు.

ఇప్పుడు పెట్టెలోంచి ఒక సిపాయిని తీయండి. చేతులు పొడిగా ఉండాలి. రంగు మీద కాకుండా బేస్ అంచులు పట్టుకోండి. లోపల అట్టకు దారంతో కట్టి ఉంటే ఆ దారం తెంపకండి, కార్ఖానా దారంతో ఉన్న సెట్టుకు కలెక్టరు ఇంకా ఎక్కువిస్తాడు.

మొదట తిరగేసి అరికాలు చూడండి. చాలా పాతవాటికి బేస్ కింద కాగితపు లేబుల్ అంటించి ఉంటుంది, తర్వాతివాటికి అక్షరాలు లోహంలోనే పోతపోసి ఉంటాయి. అక్కడ తేదీ కనిపిస్తే అది ఆ నమూనాకు కాపీరైట్ తీసుకున్న తేదీ, మీ బొమ్మ పుట్టిన తేదీ కాదు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లలో సగం మంది ఆ తేదీనే వయసుగా రాసేస్తారు, కొనేవాళ్లు నమ్మేస్తారు. బేస్ ఆకారం దానికంటే నమ్మదగిన సాక్ష్యం. తొలినాటి కాల్బలం బొమ్మలకు గుండ్రటివో కోలగా ఉండేవో బేస్‌లు, తర్వాతివాటికి నలుచదరపువి.

తర్వాత మెడ. బోలు బొమ్మ కింద పడితే ముందు విరిగేది తల. పిల్లలు చేసే వైద్యం ఒక్కటే, అగ్గిపుల్ల ముక్క మెడలోకి గుచ్చి తల దాని మీద దిగ్గొట్టడం. కాబట్టి కాలర్ దగ్గర భూతద్దం పెట్టి చూడండి. సన్నటి గీత, కొద్దిగా పక్కకు తిరిగిన గడ్డం, కాలర్ మీద మాత్రమే మందంగా కనిపించే రంగు, వీటిలో ఏది ఉన్నా తల ఒకసారి ఊడిందన్నట్టే. తల దానిదే అయితే కొంత తగ్గించి కొంటారు. వేరే రెజిమెంటు తల అయితే ఆ బొమ్మ విడిభాగాల లెక్కలోకి పోతుంది. కదిలే చేతుల సంగతీ ఇంతే. భుజం దగ్గర మేకులాంటి బొడిపెకు తగిలించి ఉంటాయి కాబట్టి మార్చడం చిటికెలో పని. ముంజేతి పట్టీ రంగు కాలర్ రంగుతో కలుస్తోందా చూడండి. బయొనెట్ కొన విరిగితే ఆకురాయితో రుద్ది సాపు చేసి, అది మొదటినుంచీ పొట్టిదేనని అమ్ముతుంటారు. మెరిసే సీసం గీత కనిపిస్తే అది కొత్త పనే.

రంగు ఎక్కడ అరగాలో అక్కడ అరిగిందా? పిల్లలు ఆడిన బొమ్మకు టోపీ కొన, ముక్కు, మోకాళ్లు, తుపాకీ గొట్టం, బేస్ అంచులు అరుగుతాయి. చంక లోపల, బెల్టు కింద రంగు కొత్తగానే ఉంటుంది. అన్నిచోట్లా ఒకేలా అరిగినట్టు కనిపిస్తే ఎవరో గీకి పాతబడేలా చేశారు. నోట్లు పరీక్షించే యూవీ టార్చి ఉంటే చీకటిగదిలో వేసి చూడండి. ఒకే ఎర్రకోటు మీద రెండు రకాల కాంతి కనిపిస్తే ఒకచోట తర్వాత పూసిన రంగుంది. సాధారణంగా దొరికిపోయేవి బూట్ల నలుపు, కోటు ఎరుపు. చివరిగా, బంగారం తూచే చిన్న కాటా మీద పెట్టండి. అదే భంగిమలో ఉన్న రెండు బొమ్మల్లో ఒకటి బాగా బరువుంటే అది బోలుది కాదు, అసలుదాని మీద అచ్చు తీసి నిండుగా పోసిన నకలు. నకలుకు ముఖంలో గీతలు మెత్తబడి, ఎత్తు కూడా ఒక పిసరు తగ్గుతుంది.

ఇక ప్లైవుడ్ షోకేసు. సీసానికి ఆమ్లపు ఆవిరి పడదు. ప్లైవుడ్, ఎండీఎఫ్, అందులో వాడే జిగుర్లు, అసలు చాలా చెక్కలు కూడా నెలల తరబడి ఎసిటిక్, ఫార్మిక్ ఆమ్లాల ఆవిర్లు వదులుతూనే ఉంటాయి. తలుపులు మూసిన షోకేసులో అవి పేరుకుంటాయి. చెన్నై గాలిలో తేమకు కొదవ లేదు. ఆమ్లం, తేమ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సీసాన్ని తెల్లటి కార్బొనేటు పొడిగా మారుస్తాయి. దీన్నే లెడ్ రాట్ అంటారు. ఇందులో అసలు ప్రమాదం ఏమిటంటే, ఆ చర్యలో ఆమ్లం ఖర్చయిపోదు, మళ్లీ విడుదలై పక్క లోహాన్ని పట్టుకుంటుంది. అందుకే మొదలైతే ఆగదు. గుర్రం కాళ్లు, తుపాకీ గొట్టం లాంటి సన్నటి చోట్ల ముందు కనిపిస్తుంది. పొడి ఉబ్బి రంగును లోపలినుంచి తోసేస్తుంది. మీ బొమ్మల్లో రంగు లేచిందంటున్న చోట్ల తెల్లటి పొడి ఉందా, లేక ఉత్త బూడిదరంగు లోహమేనా? బూడిదరంగు మామూలు తుప్పు పొర, దానితో గొడవ లేదు. తెల్లపొడి అయితే ఇవాళే వేరు చేయండి.

పొడి గుడ్డతో దులపకండి, అది సీసపు దుమ్ము. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి పిండిన ఇయర్ బడ్‌తో మెల్లగా తీసి, వెంటనే ఫ్యాన్ గాలికి ఆరబెట్టండి. వెనిగర్, నిమ్మకాయ, చింతపండు ఏవీ దగ్గరికి రానివ్వకండి. ఇత్తడి సామాను తోమే అలవాటు కొద్దీ చింతపండుతో తోమిన బొమ్మలు మార్కెట్లో కనిపిస్తూనే ఉంటాయి. పొడి మీద వార్నిష్ కొట్టేస్తే జబ్బును లోపల పెట్టి తలుపేసినట్టే. లోతుగా పట్టినవాటిని మ్యూజియం పనివాళ్లకే వదిలేయాలి.

దాచడానికి స్టీలు బీరువా, గాజు, అక్రిలిక్ మంచివి. చిన్న సేకరణకు అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా చాలు, పీవీసీ కవర్లు వద్దు. 20 లీటర్ల డబ్బాకు 200 గ్రాముల నారింజరంగు సిలికా జెల్ గుడ్డసంచిలో వేయండి. రంగు మారగానే ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర రెండు గంటలు వేడిచేస్తే మళ్లీ పనికొస్తుంది. పక్కనే ఒక పొట్లం యాక్టివేటెడ్ చార్‌కోల్ ఉంటే ఆవిర్లు పీల్చుకుంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు లోపల పెట్టి 50 శాతం దాటకుండా చూసుకోండి. ఆ ఎర్ర అట్టపెట్టె కూడా ఆమ్లం వదిలేదే, కానీ అదే మీ సెట్టు ధరలో పెద్ద భాగం. కాబట్టి పారేయకుండా వేరే డబ్బాలో దాచండి. గాజు అరలు చేయించేటప్పుడు మేస్త్రీ వాడే సిలికాన్ జిగురు వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఎసిటిక్ ఆమ్లమే, అది వద్దని, న్యూట్రల్ రకం తెమ్మనండి. వద్దంటే అన్నీ ఒకటేనని వాదిస్తారు. ఒప్పుకోకండి.

ఈ పొడి వాతావరణపు లెక్క అన్ని బొమ్మలకూ సరిపోదు. జర్మనీలో ఎలాస్టొలిన్, లినియోల్ పేర్లతో వచ్చినవి తీగ అస్థిపంజరం మీద రంపపు పొట్టు, జిగురు, సుద్ద కలిపిన ముద్దతో చేసినవి. మన కొండపల్లి బొమ్మ అతుకుల్లో వాడే చింతగింజల పిండి, పొట్టు ముద్దకు బంధువు అనుకోండి. తేమకు ముద్ద ఉబ్బి, లోపలి తీగ తుప్పుపట్టి పగులుతుంది. మరీ ఎండిపోయినా పగులుతుంది. వాటిని 45 నుంచి 55 శాతం మధ్య కదలకుండా ఉంచాలి. ప్లాస్టిక్ మోడళ్లున్న పెట్టెలో కలరా ఉండలు వేయకండి, ఆ ఆవిరికి పాలీస్టైరీన్ మెత్తబడుతుంది.

మీకు నిజంగా కావలసింది అచ్చం నిజంలా ఉండే సిపాయి అయితే కొత్త రెసిన్ కిట్ కొనుక్కోండి. పాతదాన్ని బలిపెట్టనక్కర్లేదు. రెసిన్ ముక్కల్ని గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడగకపోతే అచ్చు నూనె మీద ప్రైమర్ నిలవదు. అతుకు గీతలు 600 నుంచి 1000 నంబరు గరుకు కాగితంతో తడిపి రుద్దండి. చేతుల్లాంటి బరువైన అతుకుల్లో 1 మిల్లీమీటరు ఇత్తడి తీగ గుచ్చి సూపర్‌గ్లూ వేయండి. చెన్నైలో స్ప్రే డబ్బాతో ప్రైమర్, మ్యాట్ వార్నిష్ కొట్టేవాళ్లకు వర్షాకాలంలో బొమ్మంతా మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. ద్రావకం ఆవిరవుతూ చల్లబరిచిన చోట గాలిలోని తేమ దిగుతుంది, అదీ కారణం. పొద్దున్నే కొట్టకండి, అప్పుడే తేమ ఎక్కువ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంనుంచి, పలచటి పొరలుగా కొట్టాలి. తేమ మీటరు 75 శాతం దాటితే కుంచెతో వేసే ప్రైమరే మేలు. బెంగళూరు వాళ్లకు ఫిబ్రవరి, మార్చిలో ఈ బాధలేవీ ఉండవు. అందుకే అక్కడివాళ్ల సలహాలు ఇక్కడ పనిచేయవు.

ఈ రెండో జాతి కలెక్టరు చూసేది బట్ట బట్టలా, తోలు తోలులా మెరుస్తోందా, కనుగుడ్డు రెండువైపులా ఒకేచోట చూస్తోందా, తర్వాత యూనిఫాం. ఇక్కడే నా పాత గోడు. భారత సైనికుల బొమ్మలంటే విదేశీ తయారీదార్లకు ఒకటే తలపాగా తెలుసు. పంజాబీ ముస్లిం సిపాయి తలపాగా మధ్యలో కుల్లా టోపీ మొన పైకి కనిపిస్తుంది, సిక్కుకు ఉండదు. దాన్ని అటూ ఇటూ మార్చేస్తారు. 1944 బర్మా అడవిలో సిపాయికి ఇసుకరంగు ఖాకీ వేస్తారు, అప్పటికి అడవి ఆకుపచ్చ యూనిఫాం వచ్చేసింది. సైనికాధికారులు పెట్టుకునే సామ్ బ్రౌన్ తోలు బెల్టు పట్టీ కుడి భుజం మీదుగా వచ్చి ఎడమ నడుం దగ్గరి కత్తిని మొయ్యాలి. 1858లో ఎడమ చెయ్యి పోగొట్టుకున్న సామ్ బ్రౌన్ అనే అధికారి, ఒర కదలకుండా ఉండాలని చేసుకున్న ఏర్పాటు అది. ఎడమ భుజం మీద వేస్తే అర్థమే లేదు. అనుమానం ఉంటే సెయింట్ జార్జి కోట మ్యూజియంలో అసలు యూనిఫాంలు అద్దాల్లోనే ఉన్నాయి. బెంగళూరులో మద్రాస్ సాపర్ల, అంటే సైన్యపు ఇంజనీరు దళం వాళ్ల, మ్యూజియం ఉంది, సైన్యం ఆవరణ కాబట్టి ముందు అనుమతి కనుక్కుని వెళ్లాలి.

మీ పదకొండు బొమ్మల సంగతి. బ్రిటన్స్ మామూలు పెట్టెలో కాల్బలం అయితే ఎనిమిది, గుర్రపుదళం అయితే ఐదు వచ్చేవి. కాబట్టి మీ పెట్టెలో మరో సెట్టువి కలిసి ఉండొచ్చు. బేస్ ఆకారం, కాలర్ రంగు చూసి విడదీయండి. ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్క నీడలో, పక్కన స్కేలు పెట్టి అరికాలు, మెడ పక్కభాగం, పెట్టె మీది లేబుల్ ఫొటోలు తీయండి. మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ పేరుతో కూడా ఆ కంపెనీ ఒక సెట్టు చేసింది. మీ లేబుల్ మీద ఆ పేరుంటే ఎవరికీ తొందరపడి మాటివ్వకండి, ఆ ఫొటో ముందు ఇక్కడ పెట్టండి.