అలిపిరి మెట్లు ఎక్కేవాళ్ళకి స్కాట్లాండ్ కొండలు కష్టమా?

"అలిపిరి మెట్లు రెండు గంటల్లో ఎక్కేస్తాను. స్కాట్లాండ్‌లో చాలా కొండలు వెయ్యి మీటర్లు కూడా ఉండవట. అక్కడ ట్రెక్కింగ్‌కి అంత భయపడాలా?" అని అడిగారు.

మాది చిత్తూరు జిల్లా. ఆ 3,550 మెట్లు చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఇప్పుడు గ్లాస్గోలో ఉంటున్నాను, వాతావరణం బాగుంటే శనివారం ఏదో ఒక కొండ మీదే ఉంటాను. భయపడాల్సిందే అంటాను. కాకపోతే ఎత్తుకి కాదు. స్కాట్లాండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన బెన్ నెవిస్ 1,345 మీటర్లే, మన పాడేరు వైపు అర్మకొండ అంతకన్నా ఎత్తు. తిరుమల దారిలో అలసిపోతే కూర్చుంటాం, మరీ కష్టమైతే వెనక్కి దిగిపోతాం. ఆ రెండూ కుదరని కొండలు అక్కడ ఉన్నాయి.

గ్లెన్ కో లోయకి ఉత్తరాన గోడలా నిలబడ్డ కొండల వరసని ఊనఖ్ ఎగఖ్ అంటారు. గేలిక్‌లో 'గాట్లు పడ్డ కొండ' అని అర్థం. రంపాన్ని పళ్ళు పైకి ఉండేలా నిలబెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. తూర్పున అమ్ బోదఖ్ శిఖరం దాటి ముందుకెళ్ళారంటే, పడమటి కొసకి చేరేదాకా రోడ్డు వైపు క్షేమంగా దిగే దారి ఒక్కటి కూడా లేదు. కార్లు చీమల్లా కింద కనిపిస్తూనే ఉంటాయి.

జూన్‌లో నలుగురం వెళ్ళాం. నేను, ఇద్దరు స్నేహితులు, ఎమ్మెస్సీకి వచ్చిన మా పిన్ని కొడుకు. పొద్దున ఎనిమిదికి కారు దగ్గర బయల్దేరి, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత నిటారు దారిలో పదిన్నరకి అమ్ బోదఖ్ ఎక్కాం. అవతలి పక్క దాదాపు ఇరవై మీటర్ల రాయి, చేతులతో పట్టుకుని దిగాలి. మావాడు కిందకి చూసి, "అన్నా, మీరెళ్ళి రండి, నేను కారు దగ్గర ఉంటా" అన్నాడు. "ఇంత దూరం వచ్చాం కదా, పద" అన్నాను.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఈ జవాబు రాస్తున్నది అసలు ఆ మాట గురించే. మనవాళ్ళ ప్రతి ట్రిప్పులో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. వాట్సాప్ గ్రూపులో నెల రోజులు ప్లాన్ చేసుకుని, సెలవు పెట్టుకుని, రెండున్నర గంటలు కారు నడిపి వచ్చాక "నాకు భయంగా ఉంది" అనడానికి ఎవరికీ నోరు రాదు. అన్నవాణ్ణి కూడా మొహమాటపెట్టి లాక్కుపోతాం. దీనికి తోడు డ్రోన్ వీడియోలు. పైనుంచి తీస్తే ఆ సన్నటి కొండ అంచు పార్కులో నడకదారిలా కనిపిస్తుంది. చేతులు ఎక్కడ పెట్టాలో, కాలు ఎక్కడ ఆనదో అందులో తెలియదు.

మ్యాల్ జెరగ్ మీద కూర్చుని పులిహోర తిన్నాం. అంటే ఎర్రకొండ, 953 మీటర్లు. స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు దాటిన కొండల్ని మన్రోలంటారు; అవన్నీ మొదట ఎక్కినవాడిగా పేరున్న రాబర్ట్‌సన్ అనే ఫాదరీ 1901లో తన లెక్క పూర్తి చేసింది ఇక్కడే. తినడం అయ్యేలోపే పడమటి నుంచి మబ్బు వచ్చింది, సన్న తుంపర మొదలైంది. అక్కడి నుంచే కొమ్ముల్లాంటి రాళ్ళ వరస. కొన్నిచోట్ల మనిషి వెడల్పే దారి, రెండు పక్కలా తెల్లటి మబ్బు. ఎండలో అరికాలికి అతుక్కున్నట్టుండే రాయి తడిస్తే నాచు పట్టిన బావిగట్టే.

మూడో కొమ్ము దిగుతూ మావాడు ఆగిపోయాడు. నేను వాడి కింద రెండు మూరల దూరంలో ఉన్నాను. రాతి మీద చలికాలంలో ఇనుప ముళ్ళ బూట్లు గీసిన తెల్లటి గీతలు, ఆ గీతల్లో నీళ్ళు, వాటి మీద వాడి వేళ్ళు. గట్టిగా పట్టుకుని కొసలు తెల్లబడ్డాయి, గోళ్ళ కింద మాత్రం పులిహోర పసుపు అలాగే ఉంది. మోకాలు దానంతటదే కొట్టుకుంటోంది. "అన్నా, కాలు రావట్లేదు" అన్నాడు, చాలా మెల్లగా. నాకు నోరు ఎండిపోయింది. మా దగ్గర తాడు లేదు.

వెనక వస్తున్న భార్యాభర్తలు, అరవై దాటిన స్కాటిష్ వాళ్ళు, మమ్మల్ని చూసి ఆగారు. ఆవిడ తొందరపడలేదు. వాడి పేరు అడిగింది, ఏం చదువుతున్నావని అడిగింది, మాట్లాడుతూనే నడుముకి తాడు కట్టింది. తర్వాత పక్కగా కిందకి దిగి, వాడి మడమ కింద అరచెయ్యి పెట్టి మెట్టు మీదకి తెచ్చి నొక్కింది. అలా ఒక్కో అడుగు. ఆ చిన్న దిగుడికే అరగంట పట్టింది. మిగతా కొమ్ములన్నీ వాళ్ళ వెనకే దాటాం. మ్యాప్‌లో రెండు కిలోమీటర్లు కూడా లేని ఆ అంచు దారి మాకు నాలుగు గంటలు తీసుకుంది. గంటకి ఐదు కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట అని కొండనడక సమయానికి వేసే నైస్మిత్ లెక్క అక్కడ పనికిరాదు.

చివరి శిఖరం స్గోర్ నమ్ ఫియని మీద ఇంకో ప్రమాదం ఉంటుంది. క్లాఖిగ్ చీలిక పక్కనుంచి కిందకి కాలిబాట కనిపిస్తుంది, అడుగున హోటల్ కప్పు కూడా కనిపిస్తుంది. అలసిన కాళ్ళు అటే లాగుతాయి. ఆ బాట నిండా జారే రాళ్ళే, అక్కడ ప్రాణాలు పోయాయి. దయచేసి అటు దిగకండి. మేము పడమటి పక్క కనుమ దాకా నడిచి చుట్టూ తిరిగి దిగాం, గంట ఎక్కువ పట్టింది. రాత్రి ఎనిమిదిన్నరకి రోడ్డెక్కాం, కారేమో లోయ ఆ చివర ఉంది. జూన్ కాబట్టి వెలుతురుంది. అక్టోబరులో అయితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్రపట్టదు. అక్కడి మౌంటెన్ రెస్క్యూ వాళ్ళు వాలంటీర్లు, పైసా తీసుకోరు. మనం చేసిన తప్పుకి వాళ్ళు రాత్రిపూట ఇల్లు వదిలి రావాల్సి వస్తుంది.

మీరు మొదటిసారి వెళ్తుంటే అదే లోయలో ఉన్న బుఅఖల్ ఎటివ్ బెగ్ ఎక్కండి. రెండు మన్రోలు, మంచి బాట, ఎక్కడ కావాలంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు. జీన్స్ వద్దు, తడిస్తే ఒంట్లో వేడంతా లాగేస్తుంది. బయల్దేరే ముందే గ్రూపులో రాసుకోండి, ఎవరు "చాలు" అన్నా అందరూ దిగాలని.

ఆరు నెలల దాకా కొండ మాటెత్తని మావాడు, తర్వాత వాడే అడిగి నాతో అక్కడికి వచ్చాడు. పైకెక్కాక ఎదురుగా ఊనఖ్ ఎగఖ్ మొత్తం కనిపించింది, మబ్బు లేదు. వాడు చాలాసేపు చూసి, "మూడో కొమ్ము అదే కదన్నా" అని వేలితో చూపించాడు.