అమెజాన్ పురుగుల మీద రీసెర్చ్ అంటోంది మా అమ్మాయి, భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు, కొద్దిగా జీడితోట ఉంది. అమ్మాయి బీఎస్సీ జువాలజీ సెకండియర్. ఎప్పుడు చూసినా ఫోన్లో బ్రెజిల్, పెరూ పురుగుల ఫొటోలే, లాంగ్‌హార్న్ బీటిల్స్ (పొడుగు మీసాల పురుగులు) అంటుంది, వాటి టాక్సానమీలోనే (జాతుల్ని గుర్తించి పేర్లు పెట్టే శాస్త్రం) పీహెచ్‌డీ చేస్తానంటోంది. నాకేమో బీఈడీ చేయించి టీచర్ పోస్టుకి రాయించాలని ఉంది. ఈ చదువుకి ఉద్యోగం ఉంటుందా? ఆడపిల్లని అంత దూరం పంపొచ్చా? (ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా)

సార్, నమస్కారం. బీఈడీ ఎక్కడికీ పోదండి, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చెయ్యొచ్చు, కాబట్టి ఆ విషయంలో ఇప్పుడే ఇంట్లో గొడవ పడక్కర్లేదు. మీరు రాసినదాంట్లో నన్ను పట్టేసింది జీడితోట అన్న మాట. ఎందుకంటే మీ అమ్మాయి ఫోన్లో చూస్తున్న పురుగుల చుట్టాలు మీ తోటలోనే ఉన్నాయి, ఆ సంగతి తనకి తెలుసో లేదో గానీ మీకు మాత్రం బాగా తెలుసు.

చెట్టు మొదట్లో జిగురు కారుతుంది, రంపపు పొట్టు లాంటిది బయటకి వస్తుంది, ఆకులు పసుపెక్కుతాయి, తర్వాత కాయలు కాసే చెట్టు నిలువునా ఎండిపోతుంది, మీరు చూసే ఉంటారు కదా. కాండం, వేరు తొలిచే పురుగు అంటారు మన అగ్రికల్చర్ వాళ్లు. అది లాంగ్‌హార్నే. మామిడి కాండం తొలిచేది బాటోసెరా, అరకు కాఫీని పాడుచేసే తెల్ల కాండం తొలుచు పురుగు జైలోట్రెకస్, ఇవన్నీ ఒకటే కుటుంబం, సెరాంబిసిడే. ప్రపంచం మొత్తమ్మీద పేర్లు పెట్టినవే 35 వేల జాతులకి పైన ఉన్నాయి, అందులో అమెరికా ఖండాలు రెండూ కలిపి 9 వేలకి పైనే.

ఇంకో సంగతి చెప్తా, ఇది మీ అమ్మాయికి చదివి వినిపించండి. జీడిమామిడి మన చెట్టు కాదు, బ్రెజిల్‌ది, పోర్చుగీసు వాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చారు. దాన్ని తొలిచే పురుగు మాత్రం మన దేశానిదే. అంటే ఎక్కడిదో పరాయి చెట్టు వస్తే ఇక్కడి పురుగు దానికి అలవాటు పడింది. మన వ్యవసాయ పుస్తకాల్లో ఆ పురుగు పేరు ప్లొకేడెరస్ అని చాలాకాలం రాశారు, ఇప్పటికీ కొన్నిట్లో అలాగే ఉంటుంది. అయితే ఆ పేరు నిజానికి చెందాల్సింది దక్షిణ, మధ్య అమెరికాలో ఉండే వేరే గుంపుకి, అందుకని 1991లో ఆసియా, ఆఫ్రికా వాటిని విడదీసి నియోప్లొకేడెరస్ అని కొత్త ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) పెట్టారు. ఎక్కడో కూర్చుని ఒకాయన వేరువేరు ఖండాల నమూనాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్దానం జీడితోట పురుగు పేరు మారింది సార్, టాక్సానమీ అంటే ఇదే పని. పేరు తప్పైతే ఒక పురుగు మీద చేసిన రీసెర్చ్ ఇంకో పురుగుకి అంటగడతాం, మందు దగ్గర్నుంచి ట్రాప్ దాకా అన్నీ తప్పుతాయి. కాబట్టి ఇది పనికిమాలిన చదువు అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక తను ఎందుకు అంత ఇష్టపడుతోందో కూడా మీరు అర్థం చేసుకోవాలి. టైటానస్ జైగాంటియస్ అని ఒకటుంది, 16 సెంటీమీటర్లు దాటుతుంది, మీ అరచేతిలో పట్టదు, దానికి 1771లోనే లిన్నేయస్ పేరు పెట్టాడు కానీ దాని గ్రబ్ (పిల్లపురుగు) ఇంతవరకూ శాస్త్రవేత్తల కంటపడలేదు. హార్లెక్విన్ బీటిల్ అని రంగురంగులది ఇంకోటి, మెక్సికో నుంచి అర్జెంటీనా ఉత్తరం దాకా ఉంటుంది, మగదాని ముందుకాళ్లు దాని ఒంటికంటే పొడుగు, దాని రెక్కల కింద తేలులాంటి చిన్న జీవులు ఎక్కి ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి ప్రయాణం చేస్తాయి. ఆన్సిడెరిస్ అనే గుంపులో ఆడ పురుగు కొమ్మ చుట్టూ గాడిలా కొరికి అందులో గుడ్లు పెడుతుంది, ఆ చచ్చిన కొమ్మలో పిల్లలు పెరుగుతాయి.

విస్తరణ సంగతైతే మరీ వింత. కాలిపోగాన్ అనే ప్రజాతి మొత్తం మెక్సికో నుంచి దక్షిణ అమెరికా దాకానే ఉంటుంది, ఒక్క జాతి తప్ప, ఆ ఒక్కటీ ఎక్కడుందంటే కొరియా, ఈశాన్య చైనా, రష్యా తూర్పు కొస. మధ్యలో మహాసముద్రం ఉంది, అదెలా అక్కడుంది? ఇలాంటి ప్రశ్న ఒకటి మనసులో పడితే ఇరవై ఏళ్ల పిల్లకి నిద్ర పట్టకపోవడం సహజమే. హెన్రీ బేట్స్ అని ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ మెట్లెక్కని కుర్రాడు, 1848లో అమెజాన్ వెళ్లి 11 ఏళ్లు అక్కడే ఉండి, సైన్స్‌కి తెలియని జాతులే 8 వేల దాకా తెచ్చాడు, అందులో లాంగ్‌హార్న్స్ అంటే ఆయనకి ప్రాణం.

అయితే మీ అమ్మాయికి నేను గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఫొటోలు చూడటం వేరు, టాక్సానమీ చెయ్యడం వేరు. ఈ పనిలో అడవి తక్కువ, మైక్రోస్కోప్ ఎక్కువ. ఒకే రంగున్న రెండు పురుగులు వేరువేరు జాతులో కాదో తేల్చాలంటే చాలాసార్లు వాటి జననాంగాలు విప్పి చూడాలి, మీసాల్లో ప్రతి కణుపు కొలవాలి, వందేళ్ల కిందటి వర్ణనలు చదవాలి. జాతి పేరు టైప్ అనే అసలు నమూనాకి ముడిపడి ఉంటుంది, పాతకాలంలో పేరు పెట్టిన అమెజాన్ జాతుల టైప్‌లు చాలా లండన్‌లో, పారిస్‌లో ఉంటాయి, ఎందుకంటే బేట్స్ కాలంలో తీసుకెళ్లినవి అక్కడే ఉండిపోయాయి. 2018 సెప్టెంబర్ 2 రాత్రి రియోలో నేషనల్ మ్యూజియం తగలబడి కీటకాల కలెక్షన్ చాలావరకు బూడిదైపోయింది, అమెరికా ఖండాల లాంగ్‌హార్న్స్ కేటలాగులు రాసిన మిగెల్ మొన్నే పని చేసింది ఆ మ్యూజియంలోనే. అది తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఈ ఓపిక తనకి ఉందా లేదా అన్నది తేలాకే మిగతా ప్లాన్.

తేల్చుకోవడానికి బ్రెజిల్ వెళ్లక్కర్లేదు. ఈ వేసవిలో మీ తోటలో ఎండిన చెట్టు మొదలు ఒకటి తవ్వించండి, గ్రబ్‌లు, ప్యూపాలు ఏరి పెంచమనండి, పెద్దవయ్యాక పిన్ చేసి ఊరు, తేదీ, చెట్టు పేరు, ఎవరు పట్టారో లేబుల్ రాయమనండి. తర్వాత 1906లో గహన్ రాసిన ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా లాంగ్‌హార్న్స్ సంపుటం ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతుంది, అందులో కీ (లక్షణాలు ఒక్కొక్కటే చూసుకుంటూ పేరు తేల్చే పట్టిక) పట్టుకుని దాని పేరు దాకా తనంతట తను రాగలదేమో చూడండి. రాత్రి పదింటికి కూడా లేవకుండా అక్కడే కూర్చుంటే ఇక మీరు అడ్డుపడకండి. సొంత తోటలో ఓకే గానీ రిజర్వ్ ఫారెస్ట్‌లో, శాంక్చురీలో పర్మిషన్ లేకుండా ఒక్క పురుగుని కూడా పట్టొద్దని చెప్పండి, విదేశాలకి నమూనాలు పోస్ట్‌లో అస్సలు పంపొద్దు, బయోడైవర్సిటీ చట్టం ఉంది. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా నేషనల్ పార్క్‌లో ఇద్దరు చెక్ దేశస్తులు కీటకాలు పట్టి అరెస్టయ్యారు, అందులో ఒకాయన లాంగ్‌హార్న్ లార్వాల మీద పేరున్న శాస్త్రవేత్త.

ఇప్పుడు చదువు, డబ్బు. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ జువాలజీ, ఎంటమాలజీ స్పెషలైజేషన్ ఉన్న చోట, దానికి ఎంట్రన్స్ ఏపీ పీజీసెట్, తెలంగాణలో అయితే సీపీగెట్. అగ్రికల్చర్ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీ ఎంటమాలజీకి మామూలుగా బీఎస్సీ అగ్రికల్చరే అడుగుతారు కాబట్టి ఆ దారి తనకి కష్టం. ఎమ్మెస్సీ చివర్లో సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొట్టాలి, ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37 వేలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42 వేలు, హెచ్ఆర్ఏ (ఇంటద్దె) అదనం, మీ మీద పైసా భారం ఉండదు. పీహెచ్‌డీకి జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, దాని హెడ్డాఫీసు కోల్‌కతా, హైదరాబాద్‌లోనూ ఒక సెంటర్ ఉంది. బెంగళూరులో వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ ఎన్‌బీఏఐఆర్ ఉంది. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో అయితే సాల్ చెట్లని చంపే లాంగ్‌హార్న్ మీద ఎన్నో ఏళ్ల పని ఉంది, కీటకాల పెద్ద కలెక్షన్ ఉంది, నా ఓటు దానికే.

నా సలహా ఏంటంటే పీహెచ్‌డీ మన లాంగ్‌హార్న్స్ మీద, బ్రెజిల్ పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్). చేతిలో నాలుగు మంచి పేపర్లు ఉండి వెళ్తే సావో పాలో యూనివర్సిటీ జువాలజీ మ్యూజియం లాంటి చోట లోపలికి రానిస్తారు, అక్కడే ఉబిరజారా మార్టిన్స్ అనే ఆయన జీవితమంతా దక్షిణ అమెరికా లాంగ్‌హార్న్స్ మీద పని చేసి 2015లో పోయారు. ఆ రాష్ట్రంలో ఫపెస్ప్ అనే సంస్థ విదేశీయులకి కూడా పోస్ట్‌డాక్ ఫెలోషిప్ ఇస్తుంది. లేదు, పీహెచ్‌డీనే అక్కడ చేస్తానంటే ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, కురిచిబాలో, మనౌస్‌లో ఎంటమాలజీకే ప్రత్యేకంగా పీజీ ప్రోగ్రాములున్నాయి. కాకపోతే పోర్చుగీస్ రావాలి, ఇప్పట్నుంచే రోజుకి అరగంట మొదలుపెట్టమనండి.

ఉద్యోగం మాట. నిజం చెప్పాలంటే ఒక్క టాక్సానమీనే నమ్ముకుంటే పర్మనెంట్ పోస్టులు తక్కువ, ప్రాజెక్టు ఉద్యోగాల్లో కొన్నేళ్లు గడుస్తాయి, అది మీరు ముందే తెలుసుకోవాలి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ లెక్చరర్ పోస్టులకి నెట్ ఎలాగూ పనికొస్తుంది. చాలామంది పట్టించుకోని దారి ఇంకోటుంది, ప్లాంట్ క్వారంటైన్, అంటే విదేశాల నుంచి వచ్చే మొక్కల్లో, చెక్కలో పురుగులు లేకుండా తనిఖీ చేసే పని. మన టేకు లాటిన్ అమెరికా పట్టుకెళ్లి తోటలు వేశారు, ఇప్పుడు ఈక్వడార్, పనామా, కోస్టారికా నుంచి ఆ టేకు దుంగలు మన రేవులకి దిగుతున్నాయి. దుంగలో గ్రబ్ ఉంటే అది ఏదో చెప్పగలిగేవాళ్లు కావాలి. 1996లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ఆసియా లాంగ్‌హార్న్ కనిపించింది, ప్యాకింగ్ చెక్కలో వచ్చిందది, వేల చెట్లు నరకాల్సి వచ్చింది, ప్యాకింగ్ చెక్కని లోపలిదాకా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చెయ్యాలనే అంతర్జాతీయ రూల్ రావడానికి ఇలాంటి పురుగులే కారణం. మనకి నియోట్రాపిక్స్ (దక్షిణ, మధ్య అమెరికా) లాంగ్‌హార్న్స్ తెలిసినవాళ్లు నిజంగా అవసరం సార్, ఇది తన ఇష్టం కోసం చెప్తున్న మాట కాదు. క్వారంటైన్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా కూడా పడుతుంటాయి, నోటిఫికేషన్‌లో అర్హతలు జాగ్రత్తగా చూసుకోమనండి, ట్రైనింగ్‌కి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే మొక్కల ఆరోగ్యానికి జాతీయ సంస్థ ఎన్‌ఐపీహెచ్‌ఎం ఉంది.

ఆడపిల్ల, అంత దూరం అన్నారు. అప్పటికి తనకి ముప్పై దగ్గర పడతాయి, పీహెచ్‌డీ చేతిలో ఉంటుంది, రోజులో ఎక్కువ భాగం మ్యూజియంలో డ్రాయర్ల ముందు గడుస్తుంది, అడవికి టీమ్‌తో, పర్మిట్‌తోనే వెళ్తారు. ఈ రంగంలో మారియా హెలెనా గలిలేయో అనే ఆవిడ పేరు వెతికి చూడమనండి, మార్టిన్స్‌తో కలిసి ఆవిడ పేర్లు పెట్టిన జాతుల లిస్టు ఎంతుందో మీరే చూడండి. ప్రస్తుతానికైతే సెకండియర్ మార్కులు తగ్గకుండా చూసుకోమనండి, డిసెక్టింగ్ మైక్రోస్కోప్ కాలేజీ ల్యాబ్‌లో సెలవుల్లో వాడుకోనిస్తారేమో హెచ్‌ఓడీని మీరే వెళ్లి ఒకసారి అడగండి, తండ్రి వచ్చి అడిగితే కాదనరు.